సీసపు గుండు ఎంపిక: మెలిక ఎక్కువున్న మజిల్‌లోడర్‌కు బరువు కంటే ముందు పొడవు

క్లుప్తంగా: మూతి వైపు నుంచి మందు దట్టించే రైఫిల్‌కు గుండు ఎంచుకునేటప్పుడు చాలామంది మొదట బరువు అడుగుతారు. గొట్టం లోపలి గాడుల మెలిక, అంటే గుండును తిప్పే మలుపు మాత్రం గుండు పొడవుకూ వ్యాసానికీ స్పందిస్తుంది, బరువుకు కాదు. మెలికకు తగిన పొడవు, గొట్టానికి తగిన కొలత, మందు ఒత్తిడికి తగిన మెత్తదనం కుదిరితే బరువు దానంతటదే తేలుతుంది. వరస తిరగబడితే ఖరీదైన రైఫిల్ కూడా కాగితం మీద అడ్డదిడ్డంగా చిల్లులు పెడుతుంది.

అయోమయం ఎక్కడ మొదలైంది

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో తుపాకి అనగానే రెండు బొమ్మలు గుర్తొస్తాయి. ఒకటి బొబ్బిలి యుద్ధ కథల్లోది, రెండోది సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ వైపు వినిపించే నాటు తుపాకి. రెండింటిలోనూ మందు మూతి నుంచే పోస్తారు. రెండింటిలోనూ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఇప్పుడు మూడో బొమ్మ చేరింది. అమెరికాలో స్థిరపడినవాళ్లు పంపే వీడియోల్లో మూతి నుంచే మందు పోస్తున్నారు, కానీ గొట్టంలో గాడులున్నాయి, గుండు గుండ్రంగా కాకుండా కోలగా, బరువుగా ఉంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో మజిల్‌లోడర్‌తో వేటకు విడిగా సీజన్ ఉంటుంది. 1985లో టోనీ నైట్ తెచ్చిన ఇన్‌లైన్ నమూనా (మందు వెనక నుంచే నేరుగా నిప్పు తగిలేది) ఆ సీజన్ స్వరూపాన్నే మార్చింది. ఆ తరహా .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం) రైఫిళ్లలో ఎక్కువగా కనిపించే మెలిక 1:28, అంటే గుండు 28 అంగుళాలు ముందుకు వెళ్లేసరికి ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది.

ఆ వీడియోలు చూసినవారికి మిగిలే అభిప్రాయం ఒకటే: ‘మెలిక ఎక్కువుంటే ఎంత బరువైన గుండైనా వేయొచ్చు.’ ఇందులో సగమే నిజం. మిగతా సగం ప్రమాదకరం కూడా. నున్నటి నాటు గొట్టానికి ఈ మాట అసలే వర్తించదు. గాడులు లేని గొట్టంలోంచి వెళ్లిన కోల గుండు తిరగదు, గాలిలో పల్టీలు కొడుతుంది. బరువు పెరిగిన కొద్దీ గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, ఏ పరీక్షకూ నిలవని పైపు గొట్టం పట్టుకున్నవాడి చేతిలోనే పగిలిపోవచ్చు.

చట్టం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ మందుగుండు గానీ ఉంచుకోకూడదు. మందుగుండు భాగాలూ, వాటిని తయారుచేసే యంత్ర సామగ్రీ చట్టం ఇచ్చిన నిర్వచనంలోకే వస్తాయి. అందువల్ల గుండ్ల అచ్చును మామూలు పనిముట్టులా భావించి తెప్పించుకోవడం తగదు. తయారీకి విడిగా లైసెన్సు కావాలి. పంట రక్షణకు మజిల్‌లోడర్ లైసెన్సు ఇచ్చే వీలు 13వ సెక్షన్‌లో ఉంది గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కింది వివరాలు లైసెన్సు ఉన్న క్రీడాకారులకు, చట్టం అనుమతించే దేశాల్లో ఉంటున్నవారికి, పాత ఆయుధాల పనితీరు అర్థం చేసుకోవాలనుకునేవారికి పనికొస్తాయి.

నున్నటి గొట్టం నుంచి మెలిక గొట్టానికి

1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర పేలిన తుపాకులు దాదాపు అన్నీ నున్నటి గొట్టాలవే. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు మీదికి వచ్చిన కంపెనీ సేన చేతిలోనివీ అవే. ఆ మస్కెట్ గొట్టం లోపలి వ్యాసం సుమారు .75 అంగుళం, గుండు సుమారు .69. అంత ఖాళీ కావాలనే వదిలారు. నల్లమందు (బ్లాక్ పౌడర్, పాతకాలపు తుపాకి మందు) కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మసిలా మిగులుతుంది. పది, పదిహేను వేట్లయ్యాక కూడా గుండు లోపలికి జారాలంటే ఖాళీ ఉండాలి. ఖాళీ ఉంటే గుండు గొట్టం గోడలకు తగులుతూ బయటపడి, చివరిసారి తగిలిన వైపు నుంచి పక్కకు పోతుంది. వంద గజాల అవతల మనిషిని గురిపెట్టి కొట్టడం అదృష్టం మీద ఆధారపడేది.

గాడులు ఈ లోపాన్ని తీర్చాయి గానీ, మసి పట్టిన గొట్టంలోకి బిగువైన గుండును దిగ్గొట్టడం యుద్ధంలో సాధ్యం కాదు. 1849 నాటికి ఫ్రెంచి అధికారి మినీయే రూపొందించిన గుండు ఆ చిక్కు విప్పింది. కోల గుండు, అడుగున బోలు. దట్టించేటప్పుడు వదులుగా జారుతుంది, పేలినప్పుడు అడుగు వ్యాకోచించి గాడులను పట్టుకుంటుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ ఆ దారిలో వచ్చినదే. దాని తూటా కాగితానికి పూసిన కొవ్వు 1857లో ఏం చేసిందో బడిపిల్లలకూ తెలుసు. ఆ తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిల కోసం అదే ఎన్‌ఫీల్డ్ ఆకారంలో, గాడులు లేని గొట్టంతో 1858 నమూనా మస్కెట్ చేయించారు. గాడులకు ఎంత విలువుందో పాలకులకు బాగా తెలుసనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ రచనకు అసలు ఆధారమైన పోలిక అదే దశాబ్దంలో దొరుకుతుంది. .577 ఎన్‌ఫీల్డ్ మెలిక 1:78, గుండు సుమారు 530 గ్రెయిన్లు (180 గ్రెయిన్లు ఒక తులం). ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ తన .451 రైఫిల్‌కు పెట్టిన మెలిక 1:20, గుండు మళ్లీ సుమారు 530 గ్రెయిన్లే. బరువు ఒకటే, మెలికలు దాదాపు నాలుగు రెట్ల తేడాలో ఉన్నాయి. 1857 పరీక్షల్లో దూరం పెరిగిన కొద్దీ విట్‌వర్త్ ఎన్‌ఫీల్డ్‌ను చాలా వెనక్కి నెట్టింది. 1860లో వింబుల్డన్ పోటీల ప్రారంభంలో విక్టోరియా రాణి 400 గజాల నుంచి పేల్చిన మొదటి గుండు, గుంజకు బిగించిన విట్‌వర్త్‌ నుంచి వెళ్లి, గురి మధ్యకు ఒకటి రెండు అంగుళాల దూరంలోనే తగిలింది. బరువే మెలికను నిర్ణయించేదైతే ఈ రెండు తుపాకులకూ ఒకే మెలిక సరిపోవాలి. తేడా పొడవులో ఉంది. సన్నటి గొట్టంలో అంతే సీసం పట్టాలంటే గుండు పొడుగవుతుంది.

బొంగరం చెప్పే లెక్క

పొట్టి బొంగరాన్ని మెల్లగా తిప్పినా నిలబడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉన్నదాన్ని అంత మెల్లగా తిప్పితే తూలి పడిపోతుంది. గుండుకూ ఇంతే. ముందు నుంచి గాలి నెడుతుంటుంది. ఆ నెట్టుడు గుండు బరువు కేంద్రానికి ముందున్న చోట పనిచేసి, ముక్కును పైకెత్తి తిరగేయాలని చూస్తుంది. పొడవు పెరిగిన కొద్దీ ఆ తిరగేసే బలం పెరుగుతుంది, దాన్ని ఆపడానికి వేగంగా తిరగాలి. గుండ్రటి గుండుకు ముక్కూ తోకా లేవు, పల్టీ కొట్టినా ఆకారం మారదు. అందుకే దానికి 1:60, 1:66, 1:72 లాంటి మెల్లటి మెలిక చాలు.

మినీయే గుండు 1:78లో ఎలా నిలిచిందన్న సందేహం రావచ్చు. అడుగు బోలు కావడంతో బరువు ముందుకు జరిగింది, పొడవు ఉన్నా తిరగేసే బలం తగ్గింది. బోలు లేని నిండు గుండుకు ఆ వెసులుబాటు లేదు.

1879లో గ్రీన్‌హిల్ అనే గణిత ఆచార్యుడు ఇచ్చిన సూత్రం సీసపు గుండ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. గుండు వ్యాసాన్ని అంగుళాల్లో వర్గం చేసి, 150తో గుణించి, మెలిక అంగుళాలతో భాగిస్తే ఆ గొట్టం నిలబెట్టగల గరిష్ఠ పొడవు వస్తుంది. .50 క్యాలిబర్, 1:66 గొట్టానికి లెక్కిస్తే 0.57 అంగుళం. అందులో వాడే గుండ్రటి గుండు వ్యాసం .490. అంటే ఆ గొట్టం గుండ్రటి గుండు కోసమే పుట్టింది. 1:48 గొట్టానికి 0.78 వస్తుంది, పొట్టి కోల గుండ్లకు సరి. 1:28కి 1.34 అంగుళాలు.

అదే 1:28, రెండు వేర్వేరు హద్దులు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 1:28 అన్న అంకె చూసి .50కి పనికొచ్చినదే .45కీ పనికొస్తుందనుకుంటారు. .45 క్యాలిబర్, 1:28కి అదే సూత్రం ఇచ్చే హద్దు 1.08 అంగుళాలు మాత్రమే.

.50లో 460 గ్రెయిన్ల మొద్దు ముక్కు గుండు సుమారు అంగుళం పొడవుంటుంది. హద్దు 1.34 కాబట్టి బోలెడంత మిగులు ఉంది. 600 గ్రెయిన్ల దాకా వెళ్లినా మెలిక అడ్డుచెప్పదు, భుజం అడ్డుచెబుతుంది, తయారీదారు ఇచ్చిన పట్టిక అడ్డుచెబుతుంది. .45లో 530 గ్రెయిన్ల గుండు దాదాపు 1.4 అంగుళాలు వస్తుంది. 1:28 దాన్ని నిలబెట్టలేదు. 1:20 గొట్టం 1.52 దాకా, 1:18 గొట్టం 1.69 దాకా నిలబెడతాయి. దూరపు పోటీలకు వాడే .45 మజిల్‌లోడర్లు ఆ మెలికలతోనే వస్తాయి. .45, 1:28 ఉన్నవారు 400 గ్రెయిన్ల దగ్గర ఆగడం మంచిది, అది కూడా ముక్కు మొద్దుగా ఉంటేనే. అదే బరువును మొనదేల్చితే పొడవు పెరిగి హద్దు దాటుతుంది.

బరువును మన కొలతల్లో చూస్తే తేడా కళ్లకు కడుతుంది. పాత తులం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. .490 గుండ్రటి గుండు 177 గ్రెయిన్లు, ఒక తులానికి పిసరంత తక్కువ. 530 గ్రెయిన్ల గుండు దాదాపు మూడు తులాలు. తులం గుండు సెకనుకు 1900 అడుగుల వేగంతో బయటపడినా వంద గజాలు దాటేసరికి ఆ వేగంలో మూడో వంతుకు పైగా గాలికి పోగొట్టుకుంటుంది. మూడు తులాల గుండు 1300 అడుగులతో మొదలైనా అంత త్వరగా పోగొట్టుకోదు. వ్యాసం చదరానికి ఎంత బరువు పడుతుందో చూస్తే గుండ్రటిదానికి 0.105, .451 వ్యాసం 530 గ్రెయిన్ల దానికి 0.37. దూరంలో నిలిచే శక్తి అక్కడినుంచి వస్తుంది.

దీనికి మూల్యం ఉంది. 460 గ్రెయిన్ల గుండు 1350 అడుగులతో వెళ్లినప్పుడు మోసుకెళ్లే ఊపు, తులం గుండు 1900తో వెళ్లినప్పటి ఊపుకు దాదాపు 1.8 రెట్లు. భుజానికి తగిలే తాపు కూడా దాదాపు ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. 150 గజాల లోపే గురి ఉన్నవారికి .50లో 600 గ్రెయిన్లు మోయాల్సిన అవసరం కనబడదు. 350 నుంచి 460 మధ్య గుండు ఆ పని చేస్తుంది, పేల్చేవాడు ఇరవయ్యో వేటుకు కూడా బెదరకుండా ఉంటాడు.

సీసం ఎంత మెత్తగా ఉండాలి

పొడవు కుదిరాక చూడాల్సింది లోహం. మజిల్‌లోడర్‌లో గుండు మూతి నుంచి దిగాలి కాబట్టి గాడుల అడుగు దాకా నిండే లావుతో దాన్ని పోయలేం. దిగేటప్పుడు కొంచెం సన్నగా ఉండి, పేలిన క్షణంలో పొట్టిగా నొక్కుకుని లావై గాడులను నింపాలి. అది జరగాలంటే మందు ఒత్తిడి సీసం తట్టుకునే బలాన్ని మించాలి. పోతగాళ్లు వాడే మోటు లెక్క ఇది: బ్రినెల్ కాఠిన్యాన్ని (లోహపు గట్టిదనం చెప్పే అంకెను) 1422తో గుణిస్తే, చదరపు అంగుళానికి ఎన్ని పౌన్ల ఒత్తిడి దగ్గర ఆ లోహం లొంగుతుందో తెలుస్తుంది. శుద్ధ సీసం కాఠిన్యం 5, సుమారు 7,100 పౌన్ల దగ్గరే లొంగుతుంది. చక్రాల బ్యాలెన్సింగ్ బరువుల్లోని యాంటిమనీ కలిసిన సీసం 12 దాకా ఉంటుంది, దానికి 17,000 కావాలి. ముద్రణాలయాల పాత లైనోటైప్ లోహం 22. మామూలు నల్లమందు ఒత్తిడికి అది లావవదు. లావవకపోతే వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోయి గుండు అంచుల్ని కరిగిస్తుంది, గొట్టం నిండా సీసం పూత పట్టిస్తుంది.

మరీ మెత్తదనం కూడా పొడుగు గుండుకు చేటే. బయల్దేరే కుదుపుకు ముక్కు భాగం వెనక్కి కుంగుతుంది, ఒక్కోసారి పక్కకు ఒరుగుతుంది. వంగిన ముక్కుతో తిరిగే గుండు ఎప్పుడూ ఒకే చోట తగలదు. అందుకే దూరపు పోటీవాళ్లు శుద్ధ సీసానికి కొంచెం తగరం కలుపుతారు. తగరం కాఠిన్యం పెంచుతుంది గానీ యాంటిమనీలా పెళుసు చేయదు. 40 పాళ్ల సీసానికి ఒక పాలు తగరమైతే కాఠిన్యం సుమారు 8, 30కి 1 అయితే 9, 20కి 1 అయితే 10. పొట్టి .50 గుండ్లకు శుద్ధ సీసమే ఉత్తమం. 1.3 అంగుళాలు దాటిన .45 గుండ్లకు 30:1 నుంచి మొదలుపెట్టడం మేలు.

శుద్ధ తగరం కళాయి పోసేవాళ్ల దగ్గర ఉంటుంది. 60:40 టంకం తీగ నుంచి కూడా లెక్క కట్టొచ్చు. కిలో శుద్ధ సీసానికి 42 గ్రాముల తీగ వేస్తే 40:1, 57 గ్రాములకు 30:1, 86 గ్రాములకు 20:1 వస్తుంది. తీగలోని సీసాన్ని కూడా కలుపుకునే ఈ లెక్క చేశారు. తీగ పొట్లం మీద 60 శాతం తగరం అని ఉందో లేదో చూసుకోవాలి, ఇప్పుడు సీసం లేని టంకం కూడా అమ్ముతున్నారు.

సీసం ఎక్కడిది అన్న ప్రశ్నకు జాగ్రత్త ఎక్కువ కావాలి. కళింగపట్నం, భావనపాడు వైపు విసురువల అంచుకు కట్టే గుళ్లు చాలావరకు మెత్తటి సీసమే. గోటితో గీస్తే గాటు స్పష్టంగా పడితే మెత్తది. సిమెంటు నేల మీద పడేస్తే మెత్త సీసం ‘థప్’మని చచ్చు చప్పుడు చేస్తుంది, గట్టి మిశ్రమం మోగుతుంది. చక్రాల బరువుల్లో ఇప్పుడు జింకువీ కలుస్తున్నాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, జింకు 419 దాకా కరగదు. కుండ వేడి 400 లోపు ఉన్నంతసేపు జింకు ముక్కలు పైన తేలుతాయి, తీసేయొచ్చు. ఒకసారి కలిసిందా, పోత గంజిలా చిక్కబడి అచ్చు నిండదు, ఆ కుండంతా పారేయాల్సిందే. పాత కారు బ్యాటరీల సీసాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. వాటి పలకల్లో ఆర్సెనిక్, యాంటిమనీ, కాల్షియం ఉంటాయి. కరిగించగా మిగిలిన తెట్టెకు తడి తగిలితే ప్రాణాంతకమైన వాయువులు పుడతాయి.

గొట్టాన్ని కొలవడం

పెట్టె మీద అచ్చేసిన అంకె కంటే కొలిచిన అంకె నమ్మదగినది. కొలిచే ముందు తుపాకి ఖాళీగా ఉందని రూఢి చేసుకోవాలి: కడ్డీని లోపల అడుగు తాకేదాకా దింపి మూతి దగ్గర గుర్తుపెట్టి, అదే కడ్డీని గొట్టం పక్కన బయట పెట్టి చూస్తే అడుగున ఏదైనా మిగిలిందో లేదో తెలిసిపోతుంది. వంశపారంపర్యంగా ఇంట్లో ఉన్న తుపాకుల్లో ఏళ్ల కిందటి మందు అలాగే ఉండిపోయిన సందర్భాలు తక్కువేం కాదు.

మెలిక కొలవడానికి పిడి సులువుగా తిరిగే శుభ్రపరిచే కడ్డీ కావాలి. దాని కొనకు బిగువైన గుడ్డ చుట్టి అడుగుదాకా దింపాలి. మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత, పైవైపు చూసేలా ఒక చుక్క పెట్టాలి. మెల్లగా పైకి లాగుతుంటే గాడులు కడ్డీని తిప్పుతాయి. చుక్క సరిగ్గా సగం తిరిగేసరికి మొదటి గీత మూతి నుంచి ఎంత పైకొచ్చిందో కొలిచి రెట్టింపు చేస్తే మెలిక వస్తుంది. 14 అంగుళాలకు సగం చుట్టు తిరిగితే 1:28. మూడుసార్లు చేసి సగటు తీయాలి, గుడ్డ జారితే అంకె ఎక్కువ చూపిస్తుంది.

లోపలి వ్యాసానికి శుద్ధ సీసపు ముద్దను మూతిలో అంగుళం లోతుకు కొట్టి, దాని నడుమ స్క్రూ దిగేసి వెనక్కి లాగాలి. ముద్ద మీద పడిన గట్ల (గాడుల మధ్య ఎత్తుగా ఉండే భాగాల) మధ్య దూరం, గాడుల మధ్య దూరం మైక్రోమీటరుతో కొలవాలి. మెలిక ఎక్కువున్న గొట్టాల్లో గాడి లోతు సాధారణంగా 4 నుంచి 6 వేలవంతుల అంగుళం. గుండ్రటి గుండు గొట్టాల్లో 10 నుంచి 12. ఆ లోతు గుడ్డ చుట్టకు చోటివ్వడానికి. లోతు తక్కువున్న గాడుల్లో, వేగం ఎక్కువున్న మెలికలో గుడ్డ చుట్టిన గుండ్రటి గుండును గట్టి మందుతో పేల్చితే, తిరగకుండా గాడుల మీదుగా నేరుగా జారిపోతుంది. 1:28 రైఫిల్లో గుండ్రటి గుండు గురి తప్పడానికి మూలం అదే. మందు తగ్గిస్తే కొంత కుదుటపడుతుంది.

కాగితం చుట్టిన గుండుకు లెక్క ఇంకా కచ్చితం. .450 గొట్టానికి 2 వేలవంతుల మందమున్న కాగితం రెండు చుట్లు తిప్పితే వ్యాసానికి నాలుగు పొరలు, అంటే 8 వేలవంతులు కలుస్తాయి. గుండు .442 ఉండాలి. వేలి బలంతో మొదలై కడ్డీ బరువుకు నిదానంగా దిగితే కుదిరినట్టు.

గ్రీజు పట్టే గాడులున్న గుండ్లలో ముందు పట్టీలు గట్ల మీద లేలేతగా పట్టాలి. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. యాంటిమనీ ఉన్న లోహం చల్లారినప్పుడు తక్కువ ముడుచుకుంటుంది, శుద్ధ సీసం ఎక్కువ ముడుచుకుంటుంది. ఒకే అచ్చులో పోసినా శుద్ధ సీసం గుండు ఒకటి రెండు వేలవంతులు సన్నగా వస్తుంది. అచ్చు మీద రాసిన వ్యాసం చూసి సరిపెట్టుకుంటే గుండు వదులవుతుంది.

పోతలో వచ్చే లోపాలు

బుడితి కంచు, ఇత్తడి పనివాళ్లకు తెలిసిన విషయమే సీసానికీ వర్తిస్తుంది: అచ్చు చల్లగా ఉంటే పోత ముడతలు పడుతుంది. మొదటి పది, పన్నెండు గుండ్లు ఎప్పుడూ తిరిగి కుండలోకే. అచ్చు మరీ వేడెక్కితే పైన మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. తగరం కలిపిన సీసానికి 370 నుంచి 400 డిగ్రీలు చాలు, అంతకు మించితే తగరం ఆక్సీకరణం చెంది తెట్టెలోకి పోతుంది. శుద్ధ సీసానికి ఇంకొంచెం వేడి కావాలి, జింకు లేదని ముందే తేల్చుకుని ఉండాలి.

ముక్కు మీద చిన్న ముడతను క్షమించవచ్చు. అడుగు అంచు మీద గుండుసూది తలంత లోటున్నా పక్కన పడేయాలి. గుండు మూతి దాటే క్షణంలో వాయువు చివరిగా నెట్టేది ఆ అంచునే. ఒక పక్క లోటుంటే వాయువు అటు ముందుగా తప్పించుకుని గుండును ఇటు తోస్తుంది. మెలిక ఎక్కువున్న గొట్టం ఈ లోపాన్ని పెద్దది చేస్తుంది. 1300 అడుగుల వేగంతో 1:28 గొట్టం దాటిన గుండు నిమిషానికి 33,000 చుట్లకు పైగా తిరుగుతుంది. లోపల గాలి బుడగ ఉండి బరువు ఒక పక్కకు ఒరిగినా అంత వేగంలో అది దారి మళ్లిస్తుంది. బయటికి కనిపించని బుడగను పట్టేది తక్కెడే. కంసాలి దుకాణంలో ఉండే 0.01 గ్రాము తూకం ఇందుకు చాలు, అది 0.15 గ్రెయిన్‌తో సమానం. ఒక దఫా గుండ్లన్నీ తూచి, ఎక్కువ గుండ్లు ఏ తూకం దగ్గర పోగయ్యాయో చూసి, దానికంటే ఒక గ్రెయిన్, అంటే 0.065 గ్రాము మించి తగ్గినవాటిని తీసేయాలి. బరువు తగ్గిందంటే లోపల బుడగ ఉన్నట్టే.

చెమట బొట్టు కూడా కరిగిన సీసంలో పడకూడదు. నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. ఉత్తరాంధ్ర ఎండాకాలంలో నుదుటికి గుడ్డ కట్టుకోవడం, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పొగ కంటే తెట్టె ధూళి ఎక్కువ హాని చేస్తుంది. వంటగదిలో, పిల్లలు తిరిగే చోట ఈ పని పెట్టుకోకూడదు.

పూత, తేమ, ఎండ

నల్లమందుకు పెట్రోలియం గ్రీజు పడదు. మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. తేనెమైనం, జంతు లేదా మొక్కల కొవ్వు కలిపిన పూత మసిని మెత్తగా ఉంచుతుంది. 1857 జనవరి చివర్లో సిపాయిలు తమకు నచ్చిన పూత తామే పూసుకోవచ్చని అధికారులు చెప్పడం వెనుక ఈ సాంకేతిక వెసులుబాటు ఉంది, కానీ అప్పటికే నమ్మకం పోయింది. తేనెమైనం 62 డిగ్రీల పైన కరుగుతుంది, కొబ్బరినూనె 24 డిగ్రీలకే. చల్లటి దేశాల తయారీ పద్ధతుల్లో చెప్పే సగం సగం పాళ్లు మే నెల శ్రీకాకుళంలో జావకారి కిందికి దిగి మందును తడిపేస్తాయి. మైనం పాలు పెంచి, గుండుకూ మందుకూ మధ్య ఉన్ని బిళ్ల పెడితే ఆ బెడద తగ్గుతుంది.

తీరపు తేమ గాలిలో మసి మెత్తగానే ఉంటుంది, వేటు వేటుకూ దట్టించడం సులువు. అదే తేమ మసిలోకి చేరి ఆ రాత్రికే గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. వేడి నీళ్లతో కడగడం, పొడి గుడ్డతో తుడవడం, నూనె పూయడం అదే రోజు జరగాలి. వేడి గాలి పలచన, 35 డిగ్రీల దగ్గర 15 డిగ్రీల కంటే ఆరు శాతం పైగా సాంద్రత తక్కువ. గుండు నిలకడకు అది కొంచెం మేలే.

దట్టింపులో ఖాళీ

కోల గుండ్లతో వచ్చే అతిపెద్ద ప్రమాదం గురికి సంబంధించినది కాదు. గుడ్డ చుట్టిన గుండ్రటి గుండు గొట్టంలో బిగుసుకుని ఉంటుంది. గుడ్డ లేని బరువైన గుండు, అందులోనూ ఒక వేలవంతు వదులున్నది, తుపాకి మూతి కిందికి వంచి నడుస్తుంటే తన బరువుకే ముందుకు జారుతుంది. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఏర్పడిన తుపాకిని పేల్చితే ఒత్తిడి ఆ ఖాళీలో ఎగసి గొట్టం ఉంగరంలా ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. కడ్డీ మీద రెండు గీతలు ఉండాలి: గొట్టం ఖాళీగా ఉన్నప్పటిది ఒకటి, సరిగ్గా దట్టించినప్పటిది ఇంకొకటి. పేల్చే ముందు రెండో గీత మూతికి సమంగా ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. మందు ఎంతన్నది ఆ రైఫిల్ తయారీదారు ఆ గుండు బరువుకు ఇచ్చిన పట్టికే చెప్పాలి. పొగలేని మందు, దానికోసం ప్రత్యేకంగా తయారుచేయని మజిల్‌లోడర్‌లో, చిటికెడు కూడా పనికిరాదు.

కాగితం మీద చదవాల్సినవి

అయిదేసి వేట్ల చొప్పున, వేటు వేటుకూ ఒకే విధంగా తుడిచి, 50 గజాల నుంచి మొదలుపెడితే గుండు తన తప్పు తానే చెబుతుంది. గుండ్రటి చిల్లుకు బదులు కోలగా, తాళంచెవి రంధ్రంలా పడితే మెలికకు గుండు పొడవు ఎక్కువైంది. బరువు అలాగే ఉంచి ముక్కు మొద్దు చేయాలి, లేదా బరువు తగ్గించాలి. చిల్లు చుట్టూ బూడిదరంగు చారలు, గొట్టంలో వెండి రేకుల్లాంటి సీసం కనిపిస్తే లోహం గట్టిది లేదా గుండు సన్నది. నాలుగు ఒకచోట పడి అయిదోది దూరంగా పడుతుంటే పోతలో బుడగలు వెతకాలి, తక్కెడ తీయాలి. మొదటి మూడు బాగుండి తర్వాతవి చెదిరితే మసి పేరుకుంటోంది, పూత మార్చాలి.

50 గజాల దగ్గర అన్నీ కుదిరి 200 దగ్గర చెదరడం వేరే కథ. ధ్వని వేగం 35 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 1155 అడుగులు. 1300తో బయల్దేరిన బరువు గుండు ఆ దారిలోనే ధ్వని వేగం కిందికి దిగుతుంది, దిగేచోట గాలి దాన్ని కుదిపేస్తుంది. గ్రీన్‌హిల్ హద్దుకు అంగుళంలో పదో వంతు దూరంలో ఉన్న గుండు ఆ కుదుపులో తూలుతుంది, పావు అంగుళం మిగులున్నది దాటిపోతుంది. దూరపు గురి కోసం .45 ఎంచుకునేవారికి 530 గ్రెయిన్లతో 1:20 కంటే 1:18 గొట్టం మేలనిపించేది ఆ మిగులు వల్లే.